ఆరు మోతలు



మార్చి నెలలో ఒక ఆదివారం పొద్దున్నే నా మిత్రుడు ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావు, ఏం చేస్తున్నావు లాంటివేమీ లేవు. "బావా, నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి?" అన్నాడు. బావా అన్నాడు గానీ మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఇంజనీరింగు హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. అప్పటినుంచీ వాడికి నేను బావను, నాకు వాడు బావ. ఇప్పుడిద్దరం అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో ఉంటున్నాం. మా ఇళ్ళ మధ్య గంట ప్రయాణం.

"మోకాళ్ళు బానే ఉన్నాయి, ఏం?"

"నడుము?"

"నడుమూ బానే ఉంది. ఏంట్రా, నాకేమన్నా సంబంధం చూస్తున్నావా?"

"కాదు. అక్టోబర్లో ఎల్క్ వేటకి పోతున్నా. నువ్వూ రావాలి. తుపాకి నాది, మోత నీది."

కూలి పనికి ఇంత మర్యాదగా పిలిచినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. సరే అన్నాను. ఆ సరే అన్నమాట నన్ను ఏడు నెలలు తిప్పింది.

ముందు ఎల్క్ అంటే ఏమిటో చెప్పాలి. దానికి తెలుగులో పేరు లేదు, ఎందుకంటే ఆ జంతువు మన అడవుల్లో లేదు. మాది మార్కాపురం వైపు. నల్లమల పక్కనే పుట్టాను కాబట్టి కణుజు తెలుసు. కొన్ని చోట్ల కడితి అంటారు. ముదురు గోధుమ రంగు, మెడ మీద జూలు, పెద్ద కొమ్ములు. ఆ కణుజుకి దూరపు చుట్టం, అంతకంటే భారీ మనిషి అనుకోండి ఎల్క్‌ని. మగది 300 కిలోలు దాటుతుంది. ఒళ్ళు లేత గోధుమ రంగు, మెడ దగ్గర మాత్రం కాఫీ పొడి రంగు, వెనకభాగం తెల్లగా ఉంటుంది. ఆ తెలుపును బట్టే అక్కడి ఆదివాసులైన షానీ వాళ్ళు దాన్ని వాపిటి అన్నారు. కొమ్ములు ఏటా చలికాలం చివర్లో రాలిపోయి, మళ్ళీ వేసవిలో మొలుస్తాయి. ఒక్క వేసవిలో మనిషి భుజాల కంటే వెడల్పుగా పెరుగుతాయంటే నేను నమ్మలేదు, కళ్ళతో చూసేదాకా.

చూపించింది కూడా వాడే. సెప్టెంబర్లో ఎస్టెస్ పార్క్ అనే కొండ ఊరికి తీసుకెళ్ళాడు. అప్పుడు వాటికి జత కట్టే కాలం. మగ ఎల్క్ అరుపు ఎలా ఉంటుందనుకుంటున్నారు? అంత దేహం చూసి రంకె వేస్తుందనుకున్నాను. సన్నాయి కొత్తగా నేర్చుకునే కుర్రాడు పై స్థాయి అందుకోబోయి జారిపోతే ఎలా ఉంటుంది, సరిగ్గా అలా సన్నగా కీచుమంది. నాకు నవ్వొచ్చింది. పక్కన ఆడ ఎల్క్‌లకి మాత్రం రాలేదు. ఇప్పుడు ఆ ఊళ్ళో అవి గోల్ఫ్ మైదానాల్లో పడుకుంటున్నాయి గానీ, నూట పాతికేళ్ళ కిందట మాంసం వ్యాపారులు అక్కడ వాటిని దాదాపు లేకుండా చేశారు. 1913, 1914లో ఎల్లోస్టోన్ ప్రాంతంనుంచి 49 ఎల్క్‌లని తెచ్చి ఆ కొండల్లో వదిలారు. ఇవాళ కొలరాడో మొత్తం మీద 2,80,000 ఉన్నాయని అక్కడి వన్యప్రాణి శాఖ లెక్క. ఇన్ని ఎల్క్‌లు అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ లేవు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. మన దేశంలో 1972 చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి వేటను నేరం చేశాయి కదా, అక్కడెలా అని. అక్కడ వేటగాడి డబ్బుతోనే అడవి జంతువుల శాఖ చాలామటుకు నడుస్తుంది. లైసెన్సు సొమ్ము ఒకటి, 1937 నాటి చట్టం ప్రకారం పొడుగు తుపాకుల మీదా తూటాల మీదా వేసే 11 శాతం పన్ను ఒకటి. పైగా ఎన్ని కొట్టవచ్చో, ఎక్కడ, ఏ వారంలో, మగదా ఆడదా, అన్నీ ముందే నిర్ణయిస్తారు. చంపేవాడి డబ్బుతో కాపాడటం అనే ఈ లెక్క కాగితం మీద బాగా కుదురుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడదు. మింగుడు పడని సంగతి వేరు, మాంసం మింగిన సంగతి వేరు. ఆ రెండోదానికి తర్వాత వస్తాను.

లైసెన్సులకి లాటరీ ఉంటుంది. ఏప్రిల్ మొదట్లో గడువు. పేరు రాకపోతే ఒక పాయింటు జమ అవుతుంది, వచ్చే ఏడు ఆ పాయింటుతో వరసలో ఒక అడుగు ముందుకి. కొన్ని మంచి అడవుల కోసం ఇరవై ఏళ్ళకు పైగా పాయింట్లు కూడబెట్టేవాళ్ళు ఉన్నారు. గ్రీన్ కార్డు వరసలో నిలబడ్డ మన తెలుగువాళ్ళకి ఈ పద్ధతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మావాడు అంత ఓపిక లేక, లాటరీ అవసరం లేని అక్టోబరు చివరి రైఫిల్ సీజన్‌కి మగ ఎల్క్ లైసెన్సు కొన్నాడు. ఆ రాష్ట్రంలో ఉండేవాడికో ధర, పై రాష్ట్రంవాడికి పది రెట్లకు పైగా. ఇంకో చిత్రం. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోకూడదని అక్కడి కేంద్ర చట్టం. కానీ చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. అడవిలో జింక ధర్మమా అని తుపాకి పట్టుకునే హక్కు వస్తుందన్నమాట.

లైసెన్సు కొనాలంటే ముందు వేట పాఠాలు చదివి కార్డు తెచ్చుకోవాలి. 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన ప్రతివాడికీ ఇది తప్పదు. నేను కాల్చేవాణ్ణి కాకపోయినా వాడు నన్నూ కూర్చోబెట్టాడు. చెప్పేది ఒక పెద్దాయన, తెల్ల మీసాలు, లెక్కల మాస్టారి గొంతు. గురి ఏమిటో కంటితో చూసి, దానికి అవతల ఏముందో కూడా చూసుకున్నాకే ట్రిగ్గరు మీద వేలు పెట్టాలి అని బల్ల గుద్ది చెప్పాడు. చప్పుడు విని కాల్చడం, ఆకులు కదిలాయని కాల్చడం మహాపాపం అన్నాడు. నాకు వెంటనే దశరథుడు గుర్తొచ్చాడు. సరయూ నది ఒడ్డున చీకట్లో, కుండలో నీళ్ళు నిండే బుడబుడ విని ఏనుగనుకుని బాణం వేశాడు. రామాయణానికి ఆ బాణమే మొదలు. పాండురాజు ఇంకా ఘోరం, ఎదురుగా చూసి కూడా లేడి రూపంలో ఉన్న మునిని గుర్తు పట్టలేకపోయాడు. మహాభారతం అక్కడ తిరిగింది. ఇక రాముడంతటివాడు బంగారు లేడి వెనక వెళ్ళి ఏం తెచ్చుకున్నాడో చెప్పక్కర్లేదు. మన ఇతిహాసాల్లో వేట ఒక్కటన్నా సవ్యంగా జరగలేదు. అందులోనూ దశరథుడు రెండు తప్పులు చేశాడు. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందునుంచి సూర్యాస్తమయానికి అరగంట తర్వాత వరకే వేట. ఆయన వేళ మించాక కూడా వేశాడు. కార్డు ఇచ్చేవాళ్ళే కాదు.

కార్డు వచ్చాక ఒళ్ళు సిద్ధం చేసుకునే పని. మేం వెళ్ళే చోటు సముద్రమట్టానికి 9,500 అడుగుల ఎత్తు. అక్కడ గాలి పల్చన, అసలే ఆఫీసు ఒళ్ళు. జూన్‌నుంచి సాయంత్రాలు వీపున సంచి వేసుకుని మా కాలనీలో నడవడం మొదలుపెట్టాను. సంచిలో బరువు ఏం వేయాలి? ఇండియన్ షాపులో తెచ్చిన 20 పౌండ్ల సోనా మసూరి బస్తా వేశాను. జూలైలో రెండో బస్తా చేరింది. మా పక్కింటి అమెరికన్ ఆవిడ రోజూ చూసి చూసి ఒకరోజు ఆగి, సంచిలో ఏముంది అంది. బియ్యం అన్నాను. ఎక్కడికి తీసుకెళ్తున్నావు అంది. మా ఇంటికే అన్నాను. ఆ తర్వాత ఆవిడ ఏమీ అడగలేదు.

ఆగస్టులో మానిటూ స్ప్రింగ్స్‌లో ఉన్న మెట్ల దారికి వెళ్ళాం. 2,700కి పైగా మెట్లు, మైలు దూరం కూడా లేదు, కానీ 2,000 అడుగుల ఎత్తు ఎక్కుతుంది. నిచ్చెన అనడం నయం. మన అలిపిరి మెట్లు 3,550, లెక్కకి ఎక్కువే. కానీ అలిపిరిలో మధ్యలో చదును వస్తుంది, మజ్జిగ దొరుకుతుంది, పైన దేవుడున్నాడు. ఇక్కడ పైన ఏమీ లేదు, దిగడమే. మూడో వంతు దగ్గర కూలబడి, "గోవిందా" అన్నాను. నా వెనకున్న పిల్లాడు దాన్ని నా పేరనుకుని, "కమాన్, గోవిందా!" అని భుజం తట్టి పోయాడు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. బూట్లకి మాత్రం బేరం ఆడకూడదు. మావాడి తుపాకి థర్టీ ఆట్ సిక్స్, అంటే 1906లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా, ఇప్పటికీ వేటగాళ్ళు వదలరు. వేసవంతా శనివారాలు రేంజికి వెళ్ళి 200 గజాల దగ్గర కాగితానికి గురిపెట్టి కాల్చాడు. బల్ల మీద ఆనించి కొన్ని, నేల మీద కూర్చుని కొన్ని, మెట్లెక్కి వచ్చినట్టు గుండె దడదడలాడుతుండగా కొన్ని. ఆ చివరివే ముఖ్యం అన్నాడు. కొండ మీద నిమ్మళంగా ఉన్న గుండెతో ఎవడూ కాల్చడట.

నాకు అప్పగించింది బట్టల విషయం. ఎల్క్ కంటికి చిక్కినా చిక్కకపోయినా, ముక్కుకి మాత్రం చిక్కకూడదు. దానికి నారింజ రంగు మనకి కనిపించినంత కొట్టొచ్చినట్టు కనపడదు. అందుకే వేటగాడు తల మీద టోపీతో సహా 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగో, మెరిసే గులాబీ రంగో వేసుకోవాలని చట్టం, తోటి వేటగాడి తూటా తగలకుండా. ఇద్దరం నారింజ రంగు చొక్కాల్లో దీక్ష తీసుకున్నవాళ్ళలా ఉన్నాం. కానీ వాసన మాటకొస్తే ఎల్క్‌కి ఊరు దాటి తెలిసిపోతుంది. బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, మూత బిగించిన ప్లాస్టిక్ పెట్టెలో పెట్టమన్నాడు. ఉతికాను. ఉతికి, ఆరలేదని వంటింటి తలుపు వెనక తగిలించాను. ఆ సాయంత్రం మా ఆవిడ పులిహోరకి ఇంగువ పోపు వేసింది. ఈ సంగతి వాడికి అప్పుడు చెప్పలేదు.

మేం వెళ్ళిన చోటు ఫ్లాట్ టాప్స్. కొలరాడో వాయవ్యంలో, మీకర్ అనే చిన్న ఊరికి తూర్పున, పైన చదునుగా బల్లపరుపుగా ఉండే కొండలు. ఆ మీకర్ పేరు వెనక ఒక కథ ఉంది. ఆ నేల వైట్ రివర్ యూట్ జాతివాళ్ళది. వాళ్ళమీద అధికారిగా వచ్చిన నేథన్ మీకర్, వాళ్ళని వేట మానిపించి రైతుల్ని చేస్తానని, వాళ్ళ గుర్రాలు మేసే పచ్చిక దున్నించాడు. 1879లో వాళ్ళు తిరగబడి అతణ్ణి చంపేశారు. 1881కల్లా ఆ యూట్ వాళ్ళందరినీ యూటాకి తరిమేశారు. ఊరికి చచ్చిపోయినవాడి పేరు మిగిలింది. ఇప్పుడు అదే ఊళ్ళో ప్రతి అక్టోబర్లో హోటళ్ళ ముందు "వేటగాళ్ళకు స్వాగతం" అని బోర్డులు పెడతారు.

అదే కొండల్లో ట్రాపర్స్ లేక్ అనే సరస్సు ఉంది. 1919లో ఆర్థర్ కార్‌హార్ట్ అనే కుర్ర ఉద్యోగిని, ఒడ్డున ఇళ్ళస్థలాలు గుర్తించి రమ్మని అటవీ శాఖ పంపింది. అతను చూసి వచ్చి, అక్కడ ఒక్క ఇల్లూ కట్టకూడదని చెప్పాడు. శాఖ విన్నది! 1964లో వచ్చిన అడవుల చట్టానికి ఆ సరస్సునే పుట్టిల్లు అంటారు. ఈ చట్టం నాకెందుకు గుర్తుండిపోయిందంటే, దాని పరిధిలో మోటారు వెళ్ళకూడదు, సైకిలు వెళ్ళకూడదు, చేత్తో తోసే బండి కూడా వెళ్ళకూడదు. చక్రాల కుర్చీ తప్ప ఇంకే చక్రమూ తిరగకూడదు. లోపల చచ్చినదేదైనా గుర్రం వీపు మీదో మనిషి వీపు మీదో బయటికి రావాలి. మాకు గుర్రం లేదు.

ఆ హద్దుకి ఇవతల, బండి దారి ఆగిపోయే చోట గుడారం వేశాం. రాత్రి మైనస్ 10 డిగ్రీలు. నీళ్ళ సీసాలు తలకిందులుగా పెట్టమన్నాడు. మంచు పైన కడుతుంది కాబట్టి పొద్దున సీసా తిప్పితే మూత దగ్గర నీళ్ళు ఉంటాయి. ఇంత చిన్న తెలివి నాకు యాభై ఏళ్ళకి తెలిసింది. నేను నేర్పింది ఒకటుంది. అంత ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకంటే వేడెక్కవు. కందిపప్పు రెండు గంటలు ఉడికించినా గులకరాళ్ళలా కదులుతుంది. అందుకని ఇంటినుంచి చిన్న ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్ళాను. వాడు మొదట నవ్వాడు. మొదటి రాత్రి ఆ చలిలో వేడి పప్పన్నం మీద ఆవకాయ వేసుకున్నాక నవ్వడం మానేశాడు. కుక్కర్ విజిల్‌కి పక్క గుడారంవాళ్ళు టార్చిలైట్లు వేసుకుని బయటికొచ్చారు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నుదుటి దీపాలు పెట్టుకుని రెండు మైళ్ళు లోపలికి నడవడం. ఆస్పెన్ చెట్లు ఆకులన్నీ రాల్చేసి తెల్లటి సున్నం వేసిన స్తంభాల్లా ఉన్నాయి. వాటి మీద నల్లటి గాట్లు. చలికాలంలో తిండి లేక ఎల్క్‌లు బెరడు గీకి తిన్న పళ్ళ గుర్తులట. ఎప్పుడో తిన్న గుర్తు కూడా చెట్టు మీద అలా ఉండిపోతుంది. పచ్చిక అంచున కూర్చుని బైనాక్యులర్స్‌తో వెతకడం, వేట అంటే తొంభై వంతులు ఇదే. ఎల్క్‌లు రాత్రి బయట మేసి, వెలుగు రాగానే స్ప్రూస్ చెట్ల చీకట్లోకి వెళ్ళిపోతాయి. ఆ మధ్య పావుగంటే మనది.

మొదటి రోజే ఒకటి కనిపించింది. మగదే. 150 గజాలు. వాడు తుపాకి ఎత్తలేదు, బైనాక్యులర్స్ ఎత్తాడు. అక్కడ కొట్టదగ్గ మగ ఎల్క్ అంటే ఒక కొమ్ముకైనా నాలుగు కొనలుండాలి, లేదా కనుబొమ్మ పైనుంచి వచ్చే కొన 5 అంగుళాలుండాలి.

"మూడా, నాలుగా?" అన్నాడు గుసగుసగా.

"మూడు కనపడుతున్నాయి. నాలుగోది కొమ్మేమో, చెట్టు కొమ్మేమో."

"ఏ కొమ్మ?"

"అదే తెలియట్లేదు."

అది తల తిప్పింది, నాలుగు అడుగులు వేసింది, పోయింది. వాడు గట్టిగా ఊపిరి వదిలి, "మాస్టారు మెచ్చుకునేవాడు" అన్నాడు.

రెండో రోజు మంచు కురిసింది, గుడారంలో పేకాట. మూడో రోజు చీకటి అడవిలో గాలికి ఎదురు నడుస్తుంటే పశువుల కొట్టం వాసన గుప్పున కొట్టింది. అవి దగ్గర్లోనే ఉన్నాయి. పొద్దెక్కేకొద్దీ కొండ వేడెక్కి గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడి కిందికి జారుతుంది. మేం కింద ఉన్నాం, అవి పైన. సరిగ్గా అప్పుడే ఎండ పడింది, గాలి మా వీపుల మీదినుంచి పైకి తిరిగింది. కొమ్మలు విరిగిన చప్పుడు, ఇరవై దాకా డెక్కల చప్పుడు, తర్వాత ఏమీ లేదు. అప్పుడు ఇంగువ సంగతి చెప్పేశాను. వాడు నా కోటు వాసన చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పులిహోరా?" అన్నాడు.

ఐదుగురు వేటకి వెళితే నలుగురు ఉత్త చేతులతో తిరిగొస్తారని అక్కడి అనుభవజ్ఞుల మాట. నాలుగో రోజు సాయంత్రానికి నాకు మనసులో ఇల్లే కనిపిస్తోంది. ఐదింటికి, ఎదుటి వాలులో, రెండు మగవి బయటికి వచ్చాయి. వెనకదానికి రెండువైపులా ఐదేసి కొనలు. ఈసారి నేనే లెక్కపెట్టాను, రెండుసార్లు. 210 గజాలు. వాడు నేల మీద కూర్చుని, మోకాళ్ళకి మోచేతులు ఆనించి, ఊపిరి సగం వదిలి ఆగాడు. నేను చెవులు మూసుకున్నాను. మోగింది. అది కదల్లేదు, ఏదో మర్చిపోయి గుర్తు తెచ్చుకుంటున్నట్టు నిలబడింది. రెండోది కాల్చాడు. యాభై గజాలు పరిగెత్తి పడిపోయింది.

వెంటనే దగ్గరికి పోకూడదు. అరగంట కూర్చున్నాం. ఆ అరగంట ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. దగ్గరికి వెళ్ళాక వాడు టోపీ తీసి, దాని మెడ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. నేనూ పెట్టాను. జూలు కింద వేడిగా ఉంది. లైసెన్సు చీటీ చింపి, తేదీ వేసి, సంతకం పెట్టి మాంసానికి కట్టాలి. బాల్‌పెన్ను చలికి రాయలేదు. నోట్లో పెట్టుకుని వేడి చేసి ఇచ్చాను. పెన్ను పట్టుకుంటే వాడి చెయ్యి వణికింది. నేను టార్చి పట్టుకున్నాను, అదీ వణికింది.

మా మార్కాపురంలో చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే మా నాన్న గిన్నె ఇచ్చి మాంసం కొట్టుకి పంపేవాడు. తొడ కండ అరకిలో, రెండు నల్లి ముక్కలు, కాస్త కాలేయం. వరసలో నిలబడి నేను వీధివైపు చూస్తుండేవాణ్ణి, రిక్షాలనో సినిమా పోస్టర్‌నో. కత్తి మొద్దు మీద పడే చప్పుడు వినడమే గానీ అటు చూసింది లేదు. గిన్నె బరువెక్కగానే తెచ్చి అమ్మకిచ్చేవాణ్ణి. అలా యాభై ఏళ్ళు తిన్నాను.

ఇక్కడ వీధి లేదు. మూడు గంటలు పట్టింది. పొట్ట కోయకుండానే, వీపు వెంట తోలు చీల్చి ఒక పక్క ఒలిచి, ముందు జబ్బ తీశాం. జబ్బకి ఎముకల కీలు లేదు, కండే పట్టుకుని ఉంటుంది, కత్తి మెత్తగా పోతుంది. వెనక తొడ అలా కాదు. తుంటి గిన్నెలో బంతి దొరికేదాకా వేళ్ళతో వెతకాలి. నేను కాలు ఎత్తి పట్టుకున్నాను, వాడు కోశాడు. టక్‌మని కీలు వదిలి ఆ బరువంతా ఒక్కసారి నా ఛాతీ మీదికి వచ్చింది. వెనక్కి పడ్డాను. మంచులో వెల్లకిలా, ఎల్క్ కాలు కావలించుకుని. పైన చుక్కలు. ఆవిరి లేస్తోంది, నానుంచో దాన్నుంచో తెలియదు. వీపు కండలు మూరకంటే పొడవు, రెండు మెత్తటి లోపలి కండలు, మెడ, పక్కటెముకల మధ్య మాంసం, ఏదీ వదలకూడదు. తినదగ్గది వదిలేస్తే నేరం. అమ్మినా నేరమే. పంచుకోవచ్చు. మగదని తెలిపే గుర్తు కూడా ఒక కాలికి అంటుకునే ఉండాలి, అధికారి అడిగితే చూపించడానికి. అన్నీ గుడ్డ సంచుల్లో కట్టి, చల్లారేలా చెట్టు కొమ్మకి వేలాడదీశాం. ఎలుగుబంట్లు ఇంకా నిద్రకి పోలేదు.

మొత్తం ఆరు మోతలు. ఆ రాత్రే చెరొకటి. వాడికి వెనక తొడ, నాకు ముందు జబ్బ, దాంతోపాటు వీపు కండలు. రెండు మైళ్ళు, మంచు, చీకటి, పడిపోయిన చెట్లు. సోనా మసూరి బస్తా వీపుకి అమరి కూర్చునేది. ఇది కూర్చోదు. నేను ఎడమకి వంగితే అది కుడికి లాగుతుంది. నాకంటే బలమైనవాడెవడో నాతో నడుస్తున్నట్టే ఉంది. పడిపోయిన మానొకటి దాటలేక దాని మీదే కూర్చుండిపోయాను. లేవలేకపోయాను. వాడు వెనక్కి వచ్చి చెయ్యిచ్చాడు. "వదిలేసి పోదామా?" అన్నాను ఊరికే. "వదిలేయడానికి లేదు బావా," అన్నాడు, ఊరికే కాదు. గుడారం చేరేసరికి ఒంటిగంటన్నర.

మర్నాడు చెరో రెండు. వెలుగులో ఆ చోటు చూస్తే పెద్ద కాకులు అప్పటికే పేగుల దగ్గర పంచాయితీ పెట్టాయి. బూడిద రంగు పిట్టొకటి, దాన్ని క్యాంపు దొంగ అంటారు, నా చేతికి అడుగు దూరంలో వాలి కొవ్వు ముక్క ఎత్తుకుపోయింది. నా రెండో మోత కుడి వెనక తొడ. ఎముకతో సహా ముప్ఫై కిలోలు. నెలల తరబడి మోసిన బియ్యం దేనికో ఆ ఒక్క తొడ చెప్పింది. మూడో మోత మెడ, చిల్లర మాంసం. తల, కొమ్ములు వాడు చివర్న తెచ్చాడు. ఆ కొమ్ములు ప్రతి చెట్టుకీ తగులుకుంటూ, వాడు ప్రతి చెట్టునీ తిడుతూ.

తిరిగొచ్చాక వెంటనే తినలేదు. ఆ జాతి జంతువులకి మెదడు పాడై చిక్కి చచ్చిపోయే రోగం ఒకటుంది. 1967లో కొలరాడోలోనే మొదట గుర్తించారు. మనుషులకి అంటినట్టు దాఖలా లేదు గానీ, వండినా పోదు కాబట్టి రోగమున్న దాన్ని తినొద్దంటారు. తల పరీక్షకి ఇచ్చి కూర్చున్నాం. ఆ రోజుల్లో మా గరాజులో బల్ల వేసి మాంసం ముక్కలు చేసి పొట్లాలు కట్టాం. ప్రతి పొట్లం మీదా నేనే రాశాను, ఏ భాగమో, ఏ తేదీనో, ఎవరి ఎన్నో మోతో. వాడు చూసి, "ఆ చివరిది ఎందుకు?" అన్నాడు. "నాకు కావాలి" అన్నాను.

రోగం లేదని కబురొచ్చింది. సగం స్నేహితులకి పోయింది. కొందరు సంతోషంగా పట్టుకెళ్ళారు, కొందరు జింకా అని మొహం చిట్లించారు, కార్తీకమాసమని ఒకాయన ఫ్రిజ్‌లో మాత్రం పెట్టుకుంటానన్నాడు. ఎల్క్ మాంసంలో కొవ్వు లేదు. మటన్‌లా వండితే తోలులా సాగుతుంది. మా ఆవిడ రెండుసార్లు పాడుచేసి, మూడోసారి కొండ మీదికెళ్ళొచ్చిన ఆ కుక్కర్లోనే, గోంగూర వేసి ఎనిమిది విజిళ్ళు రానిచ్చింది. అన్నం పెట్టుకుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నములుతూ ఊరుకున్నాను.

"ఏమండీ, ఉప్పు సరిపోలేదా?" అంది.

"సరిపోయింది. ఈ పొట్లం మీద ఏం రాసుంది?"

చెత్తబుట్టలోంచి కాగితం తీసి, తుడిచి, దీపం దగ్గర పెట్టి చదివింది.

"కుడి వెనక తొడ. నా రెండో మోత."